తుండుగుడ్డ కింద స్వేచ్ఛ

తిరుపతి రైలుస్టేషనుకు ఎదురుగా ఒక కాఫీ హోటలు ఉండేది. లోపలి గోడకు "ఇచ్చట రాజకీయములు మాట్లాడరాదు" అని బోర్డు. సరిగ్గా ఆ బోర్డు కిందనే కూర్చుని మా చిన్నాయన రోజూ సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా రాజకీయాలు మాట్లాడేవాడు. యజమాని ఎప్పుడైనా వేలెత్తి బోర్డు చూపిస్తే, "నేను మాట్లాడేది రాజకీయం గాదప్పా, తర్కం" అనేవాడు. తర్కం గురించి బోర్డులో ఏమీ లేదు. పైగా తర్కం ముదిరేకొద్దీ కాఫీలు ఎక్కువ పోతాయి. యజమాని ఊరుకునేవాడు.

యుద్ధం ముగిసినా కంట్రోలు ముగియని రోజులవి. బియ్యానికి కార్డు, చక్కెరకు కార్డు, కిరసనాయిలుకు కార్డు, గుడ్డకు కార్డు. చక్కెర చాలక హోటల్లో కాఫీకి బెల్లం వేసేవారు. ఆ కాఫీ నాలుగు రోజులు వరసగా తాగితే ఎలాంటివాడికైనా స్వేచ్ఛ మీద ప్రేమ పుడుతుంది.

మా చిన్నాయన ప్లీడరు గుమాస్తా. పగలంతా ఇతరుల వాదనలు చక్కటి అక్షరాలతో రాసి రాసి, సాయంత్రానికి తనకంటూ ఒక వాదన కావాలనిపించేదేమో. ఆయన సిద్ధాంతం చిన్నదే. "ధర అంటే ఏంది? ఇద్దురు మనుషులు ఒప్పుకున్న మాట. మూడోవాడు మధ్యలో దూరినాడా, అది కంట్రోలు." ఈ మాట అన్నప్పుడల్లా రెండు వేళ్ళు చూపించి, మూడో వేలిని మడిచేవాడు.

ఎదురు బల్ల మీద ఒక రిటైరైన హెడ్మాస్టరు. ఆయన కంట్రోలు పక్షం. "వదిలిపెడితే ఉండేవోడు బస్తాలు బస్తాలు కొని దాసిపెట్టుకుంటాడు. లేనోడు గంజికి ఏడస్తాడు. ఆ కార్డు ఉండబట్టే నీకీ నాలుగు గింజలైనా వస్తాండాయి" అనేవాడు. ఆ మాటకు చిన్నాయన దగ్గర గట్టి జవాబు ఉండేది కాదు. అందుకని గొంతు పెంచేవాడు. ఇద్దరి గొంతులూ తారస్థాయికి చేరి, ఈ పూటతో దేశం అటో ఇటో తేలిపోతుందనిపించే క్షణంలో, "ఈ పొద్దు కాఫీలకు ఎవురు ఇస్తారు?" అని అడగడం నా పని. దేశం మళ్ళీ రేపటికి వాయిదా పడేది.

అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. మాది పుత్తూరు పక్క పల్లె. పరీక్ష రెండుసార్లు తప్పితే, ఈ చేతులతో ఇంకేదైనా చేయించమని మా నాయన నన్ను తిరుపతిలో చిన్నాయన ఇంట్లో దించి, టైపు నేర్చుకోవడానికి పెట్టాడు. ఉదయం టైపు, సాయంత్రం స్వేచ్ఛ, రాత్రికి చిన్నమ్మ చేతి రాగిసంగటి.

చిన్నమ్మకు ఒక ఆవు ఉండేది. నల్లది, కర్రావు అనేవాళ్ళం. ఆమె అమ్మగారింటి నుంచి పెయ్యదూడగా తోలుకొచ్చి సాకిన ఆవు. కాబట్టి అది ఆమెది. ఇందులో ఇంట్లో ఎవరికీ అభిప్రాయభేదం లేదు, ఒక సోమవారం దాకా.

ఆ సోమవారం చిన్నాయన హోటల్లో హెడ్మాస్టరు మీద గెలిచానన్న నమ్మకంతో ఇంటికొచ్చి సంగటి ముందు కూర్చున్నాడు. చిన్నమ్మ పులుసు పోస్తూ మెల్లగా చెప్పింది.

"బుధవారం సంతలో కర్రావును అమ్మేస్తాండాను."

"ఎవుర్ని అడిగి?"

"ఆవునైతే అడగలేదు. మీకు ఇప్పుడు సెప్తాండాను."

సంగతి ఇది. మా వీధి చివర టైలరు ఒకాయన మద్రాసులో బంధువుల దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. తన పాత కుట్టుమిషను చిన్నమ్మకు ఇస్తానన్నాడు. శుక్రవారం ఉదయం రైలు. అంతలోపల డబ్బు చూపిస్తే మిషను చిన్నమ్మది, లేదంటే వేరే ఎవరిదో. చిన్నమ్మకు కుట్టు వచ్చు. రెండేళ్ళుగా ఆ టైలరు భార్య దగ్గర కూర్చుని, ఆ మిషను మీదనే నేర్చుకుంది. కొత్త గుడ్డ కార్డు మీద కూడా దొరకని కాలం కాబట్టి, పాత చీరను రవికగా, పాత పంచెను చొక్కాగా మార్చేవాళ్ళకు గిరాకీ ఉందని ఆమెకు తెలుసు. ఆవుకు వేరుశనగ చెక్క దొరకడం గగనమైపోయిందనీ తెలుసు.

"మిషను సెక్క తినదు" అంది.

"పాలు ఇయ్యదు గూడా" అన్నాడు చిన్నాయన. "అయినా మన ఇంటి ఆడోళ్ళు ఊర్లో వాళ్ళకు రవికలు కుట్టి కూలి తీసుకునేదేంది? ఎవురైనా ఇంటే ఏమనుకుంటారు? వద్దు. నేను ఒప్పుకోను."

చిన్నమ్మ గరిటె కింద పెట్టింది. "ధర అంటే ఇద్దురు ఒప్పుకున్న మాట అని రోజూ మీరే గదా సెప్తారు. కొనేటోడు ఒగడు, అమ్మేదాన్ని నేనొగదాన్ని. మీరు మూడో ఆయన."

హెడ్మాస్టరు ఇన్నాళ్ళ నుంచీ చేయలేని పని చిన్నమ్మ పులుసు పోసినంతసేపట్లో చేసేసింది.

చిన్నాయన చేతిలో ముద్దను మళ్ళీ కంచంలో పెట్టేశాడు. సిద్ధాంతం ఉన్నవాడికి ఇదే చిక్కు. లేనివాడైతే ఈపాటికి అరిచి, తిని, పడుకునేవాడు.

"సరే" అన్నాడు చివరికి. "నీ ఆవు, నీ ఇష్టం. నేను అడ్డం రాను. కానీ సాయమూ సెయ్యను. సాయం సెయ్యకపోవడం నా స్వేచ్ఛ."

"ఆ లెక్కన రేపు సిన్నమ్మ సంగటి కెలక్కపోతే అదీ స్వేచ్ఛేనా సిన్నాయనా?" అన్నాను.

"నువ్వు తిను."

ఆయన ధీమాకు కారణం ఉంది. మా పశువుల సంతల్లో ధర నోటితో చెప్పరు. దళారి తన తుండుగుడ్డను అమ్మేవాడి చేతిమీద కప్పి, దాని కింద అతని వేళ్ళు పట్టుకుంటాడు. ఏ వేలు, ఎన్ని వేళ్ళు, ఎన్ని నొక్కులు అనేదే లెక్క. కొనేవాడితోనూ అంతే. చుట్టూ వందమంది నిలబడినా గుడ్డ కదలడం తప్ప ఇంకేమీ కనిపించదు. అందరూ గౌరవించే పద్ధతి అది. ఒకటే లోటు. గుడ్డ కింద పరాయి మగవాడి చేతిలో ఆడది చెయ్యి పెట్టదు. కాబట్టి ఆడవాళ్ళ పశువులన్నీ నాయనలో, అన్నలో, మొగుళ్ళో అమ్మిపెట్టాలి. ఎంత తిరిగినా చివరికి తన చేతి దగ్గరికే వస్తుందని చిన్నాయన లెక్క.

చిన్నమ్మ నా చేతివైపు చూసింది. "అబ్బోడా, టైపు నేర్సుకుంటాండావు గదా, నీ వేళ్ళు బాగా తిరుగుతాయి. నువ్వు రా."

బుధవారం ఉదయం ఆవును తోలుకుని బయల్దేరాం. సంత నాలుగు మైళ్ళు. చిన్నాయన గడపలో నిలబడి, "పన్నెండు లోపల కానిచ్చేయండి" అన్నాడు. ఆయన హేతువాది కాబట్టి వెంటనే, "రాహుకాలమని గాదు, ఎండ" అన్నాడు. ఆ పూట ఆయనకు కోర్టు ఉండాలి. అయినా వెనక్కి తిరిగినప్పుడల్లా ఫర్లాంగు దూరంలో ఒక గొడుగు కనిపించేది. నాలుగు మైళ్ళూ అడ్డం రాకుండా, సాయం చేయకుండా మా వెనకాలే నడిచాడు.

సంతలో చింతచెట్ల కింద ఎడ్లు, ఆవులు, గొడవ. ఎర్ర తుండుగుడ్డ దళారి ఒకడు కర్రావు చుట్టూ తిరిగి, ఆకుపచ్చ తలపాగా ఆసామి ఒకణ్ణి పిలుచుకొచ్చి, నా చేతి మీద గుడ్డ వేశాడు. చిన్నమ్మ నాకు ముందే చెప్పింది: నూట ఇరవై అయితే ఒప్పుకో, తక్కువైతే చెయ్యి ఈడ్చుకో.

నూట ఇరవై ఎన్ని వేళ్ళో ఆమె చెప్పలేదు. నేను అడగలేదు.

గుడ్డ కింద ఆ చెయ్యి నా చేతిని పట్టిన పట్టుకు, ఎముకలు కట్టే మా పుత్తూరువాళ్ళు గుర్తొచ్చారు. చూపుడువేలు పట్టాడు. వదిలాడు. నాలుగు వేళ్ళు కలిపి పట్టాడు. చిటికెనవేలు గుంజాడు. టైపులో ఎడమ చిటికెనవేలు 'ఏ' అక్షరానిది, అది తప్ప నాకేమీ తోచలేదు. తర్వాత అరచేతిలో రెండుసార్లు నొక్కాడు. ఒక మనిషి అంత ఆప్యాయంగా నొక్కితే ఊరికే ఉండటం బాగుండదని, మర్యాదకు నేనూ ఒకసారి నొక్కాను.

దళారి గుడ్డ లాగి భుజాన వేసుకున్నాడు. "అయిపోయింది! తోలుకోప్పా!"

తలపాగా ఆసామి పలుపు పట్టుకున్నాడు. చిన్నమ్మ రెండో కొస పట్టుకుని నావైపు తిరిగింది. "ఎంతకురా?"

"తెలీదు సిన్నమ్మా."

"తెలీకుండా ఎట్ల అమ్మినావు?"

"మర్యాదగా."

ఆమె దళారిని అడిగింది. "ఎంతకు పోయింది నా ఆవు?"

"సంతలో నోటితో సెప్పేది లేదమ్మా. ఆ అబ్బోడికి సెప్పినాను గదా, సేతిలో."

"వాడికి అర్థం కాలేదంట."

"దానికి నేనేం సేసేది? సెయ్యి వాడిదే గదా?"

"సెయ్యి వాడిది. ఆవు నాది."

అప్పటికి గొడుగు దగ్గరికొచ్చేసింది. "నేను అడ్డం రావడం లేదు, న్యాయం మాత్రం సెప్తాండాను" అంటూ చిన్నాయన మొదలుపెట్టాడు. చెయ్యి ఇచ్చినవాడు యజమానికి ఏజెంటు, ఏజెంటు ఒప్పుకుంటే యజమాని ఒప్పుకున్నట్టే అని పెళ్ళానికి ఎదురుగా పూర్తి వాదన వినిపించాడు. దళారి మెచ్చుకున్నాడు. ఆ తర్వాత చిన్నమ్మ మొహం చూసి, అలవాటు చొప్పున రెండో పక్షం అందుకున్నాడు. "అయితే, ఏజెంటుకు బుద్ధి లేనప్పుడు ఆ ఒప్పందం సెల్లదు."

అందరూ నావైపు చూశారు. నా బుద్ధి గురించి విద్యాశాఖవారు రెండుసార్లు రాసిచ్చిన సంగతి మనవి చేశాను.

చిన్నమ్మ ఇదంతా వినలేదు. చెట్టు కింద ఒక బండి నొగ మీద కాలు పెట్టి ఎక్కి, కూరగాయలమ్మే గొంతుతో అరిచింది. "కర్రావు! రెండో ఈత! పూటకు రెండు శేర్లు! నూట ఇరవై రూపాయలు!"

సంత మొత్తం ఆగిపోయింది. ఒకటి రెండు ఎద్దులు తప్ప అందరూ ఇటే చూశారు. దళారి తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, ఎవరో నడివీధిలో స్నానం చేస్తుంటే చూసినవాడిలాగా. తలపాగా ఆసామి పలుపు వదిలేశాడు.

"నోటితో ధర సెప్పి అమ్ముతాండారంటే దీంట్లో ఏందో ఉండాది. నాకొద్దప్పా."

అలా మొదటి బేరం రద్దయింది. దాంతోపాటు మిగతా బేరాలన్నీ రద్దయ్యాయి. హేతువు అనేది చిన్నాయన సొత్తు మాత్రమే కాదని ఆ రోజు నాకు తెలిసింది. సంతలో ప్రతివాడి దగ్గరా అది ఉంది. మంచి ఆవైతే గుట్టుగా అమ్ముకోరా? అమ్ముకుంటారు. వీళ్ళు అరుస్తున్నారు. కాబట్టి ఆవు మంచిది కాదు. ఇంత పకడ్బందీగా ఆలోచించి, కాసేపట్లోనే కర్రావుకు ఒక కన్ను తీసేశారు, తన్నడం నేర్పారు, ఒక రొమ్ము ఎండగట్టారు.

చిన్నాయన ఒక్కొక్కరికీ నచ్చజెప్పబోయాడు. "నిజం సెప్పేవాళ్ళకు దాసేది ఏముంటాదప్పా?"

"అదే మేమూ అడిగేది. ఏం దాస్తాండారు?"

"నేను రోజూ తాగతాండాను దీని పాలు!"

"మరి ఎందుకు అమ్ముతాండారు?"

ఎండ ముదిరింది. చుట్టుపక్కల ఆవులు చేతులు మారుతున్నాయి. మా దగ్గరికి ఎవరూ రావడం లేదు. వచ్చే బుధవారం మళ్ళీ సంత ఉంటుంది, కానీ టైలరు రైలు శుక్రవారం. చిన్నమ్మ పలుపును చేతికి రెండు చుట్లు చుట్టుకుని నిలబడింది. ఆమె ఏడవలేదు. ఏడిస్తే నాకు ఏదో ఒక మాట తోచేది. ఆమె ఊరికే నిలబడేసరికి ఏమీ తోచలేదు.

చిన్నాయన గొడుగు ఆమె మీదికి వంచాడు. గొంతు తగ్గించి, "నేను సెయ్యి పెట్టనా?" అన్నాడు. పరిహాసం లేదు, సిద్ధాంతమూ లేదు. నిజంగానే అడిగాడు.

చిన్నమ్మ తల అడ్డంగా ఊపింది. "మీరు సెయ్యి పెడితే అమ్ముడుపోతాది. నాకు తెలుసు. కానీ అప్పుడది మీ ఆవు అయిపోతాది. మీరు కొనిచ్చిన మిషను అయిపోతాది."

ఆయన గొడుగు తీయలేదు.

అప్పుడే మనుషుల్ని తోసుకుంటూ ఒకామె వచ్చింది. నలభై ఐదేళ్ళు ఉంటాయి. చేతులకు గాజులు లేవు. తిరుపతిలో సత్రాలకు పెరుగు పోసే ఆమె. మొగుడు పోయినప్పటి నుంచీ నాలుగు ఆవులతో వ్యాపారం తనే నడుపుతోందని తర్వాత తెలిసింది.

"ఇందాక ధర అరిసింది నువ్వేనామ్మా?"

"నేనే అక్కా."

"పదేండ్లుగా ఈ సంతలో ఆవుల్ని కొంటాండాను. ధర నా సెవిన పడింది ఇదే మొదులు. మా మరిది గుడ్డ కింద సెయ్యి పెడతాడు. ఇంతయ్యింది వొదినా అంటాడు. నమ్తాను. నమ్మకపోతే ఏం సేసేది?"

ఆమె కర్రావు రెండు కళ్ళ ముందూ చెయ్యి ఆడించింది. ఆవు రెండూ ఆర్పింది. పొదుగు నిమిరి, నాలుగు రొమ్ముల నుంచీ కొంచెం కొంచెం పాలు పిండి, వేలితో రుద్ది చూసింది. ఆవు తన్నలేదు. గుంపులో కొందరికి నిరాశ కలిగింది.

"నూట ఇరవై ఎక్కవ" అంది.

"తక్కవే అక్కా" అంది చిన్నమ్మ.

పెరుగామె మరో మాట అనబోయి చుట్టూ చూసింది. పొలం, పుట్ర, సొంత ఎడ్లు వదిలేసి యాభైమంది మగవాళ్ళు మెడలు సాచి నిలబడి ఉన్నారు. దళారి ముందు వరసలో ఉన్నాడు. అతని పక్కన మా చిన్నాయన.

"ఈళ్ళందురికీ ఎందుకు మన బేరం?" అంది పెరుగామె.

చిన్నమ్మ ఆమె వైపు చూసింది. నడుముకు దోపిన కొంగు లాగి, ఇద్దరి చేతుల మీదా కప్పేసింది.

ఆడదాని చేతిలో ఆడది చెయ్యి పెట్టకూడదని ఏ సంతలోనూ ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు. "నాకు ఈ వేళ్ళ లెక్క రాదక్కా" అని చిన్నమ్మ అనడం వినిపించింది. "నాకు మాత్రం వస్తాదా? మన లెక్క మనం పెట్టుకుందాం" అని పెరుగామె ఆమె చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ నవ్వారు. కొంగు కదలడం మొదలైంది.

ఇందాక ధర బయటికి చెప్పినందుకు మొహం దాచుకున్న దళారి ఇప్పుడు మండిపడ్డాడు. "ఇదేం న్యాయం! ఎంతకు పోతాందో ఎవురికీ తెలీకుండా అమ్ముకుంటారా?"

చిన్నమ్మ గాజులు గలగలమన్నాయి. నా పక్కనున్న ముసలాయన నాలుగు గలగలలు లెక్కపెట్టి, నూట నలభై అని తేల్చాడు. ఇంకొకాయన ఆమె కుడి మోచేయి కదిలిన తీరుబట్టి తొంభై అన్నాడు. చిన్నాయన పెదవులు కూడా లెక్కపెడుతూ కదులుతున్నాయి. పెరుగామెకు గాజులు లేకపోవడంతో సగం బేరం ఎవరికీ వినపడలేదు. ఒక దశలో కొంగు చాలాసేపు కదలకుండా ఆగిపోయింది. ఊళ్ళో ఏ మీటింగులోనూ అంత నిశ్శబ్దం నేను చూడలేదు. అప్పుడు ఆవు మూత్రం పోసింది. ముందు వరస వెనక్కి దూకింది. మళ్ళీ చూసేసరికి కొంగు భుజాన ఉంది, పలుపు పెరుగామె చేతిలో ఉంది, నోట్లు చిన్నమ్మ రొండిలో ఉన్నాయి.

తిరుగుదారిలో చిన్నాయన మా పక్కనే నడిచాడు. రెండో మైలులో, "నూట పదన్నా వచ్చిందా?" అన్నాడు.

"ఎండ బాగా ఉండాది" అంది చిన్నమ్మ.

మూడో మైలులో, ధరలు నలుగురికీ తెలిస్తేనే వ్యాపారం శుభ్రంగా ఉంటుందని ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాడు.

"నలుగురికీ తెలిసేటట్టు అరిసినాను గదా. ఎవురు కొన్నారు?"

నాలుగో మైలులో నన్ను వెనక్కి లాగి, "రేయ్, నువ్వు పక్కనే ఉన్నావు గదా?" అని గుసగుసగా అడిగాడు. చేతివేళ్ళ విషయంలో నా తెలివి ఏపాటిదో ఆయనకు గుర్తుచేశాను.

గురువారం మధ్యాహ్నం మిషను జట్కాలో వచ్చింది. ఆ సాయంత్రం హోటల్లో హెడ్మాస్టరు, "ఎంతకు పోయిందప్పా మీ ఆవు?" అని అడిగాడు. చిన్నాయన కాఫీ ఊదుకున్నాడు. "అది మా ఇంటామె ఆవు. ఆమెనడగాల" అన్నాడు. అని, ఆ పూట ఐదున్నరకే లేచాడు. హెడ్మాస్టరు నావైపు చూసి, "ఒంట్లో బాగలేదా?" అన్నాడు.

వారం తిరక్కుండానే వీధిలో ఆడవాళ్ళు పాత చీరలు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. ఒకామెకు ఒక కూలి, ఇంకొకామెకు ఇంకో కూలి. ఒకామె దగ్గర గుమ్మడికాయ తీసుకుంది. చిన్నాయన నాలుగు రోజులు ఓర్చుకున్నాడు. ఐదో రోజు కోర్టు నుంచి ఒక పెద్ద కాగితం తెచ్చి, తన చక్కటి గుమాస్తా అక్షరాలతో, రవికకు ఇంత, పావడాకు ఇంత, చొక్కాకు ఇంత, కాజాకు ఇంత అని వరసగా రాసి, కింద గీత కొట్టి, గోడకు అంటించమని చిన్నమ్మకు ఇచ్చాడు.

"ఒక పద్ధతి ఉండాల గదా" అన్నాడు.

చిన్నమ్మ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. మందం బాగుందని మెచ్చుకుంది. అలాంటి కాగితం అప్పట్లో కొందామన్నా దొరికేది కాదు. దాన్ని నేల మీద పరిచి, బొగ్గుతో గీత గీసి, రవిక చేతికి నమూనా కత్తిరించింది. కత్తెర పావడా దగ్గర మొదలై కాజా దగ్గర తేలింది. చిన్నాయన పక్కనే గొంతుక్కూర్చుని, కాగితం జరగకుండా రెండో కొస పట్టుకున్నాడు.